మంచం ఖాళీగా ఎన్ని నిమిషాలు ఉంటుంది? గది శుద్ధి యంత్రం కొనేముందు చూసుకోవాల్సినవి

ఐసీయూలో ఒక పేషెంట్‌ను డిశ్చార్జ్ చేశామో లేదో, కింద క్యాజువాలిటీ నుంచి ఫోన్ వచ్చేస్తుంది. "సిస్టర్, బెడ్ రెడీనా?" ఇన్ఫెక్షన్ కంట్రోల్ పని చేసేవాళ్లందరికీ ఈ ఫోన్ తెలుసు. ఆ మంచం మీద నిన్నటిదాకా ఉన్న మనిషి కల్చర్ రిపోర్టులో (ల్యాబ్‌లో సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షలో) అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా వచ్చి ఉంటుంది. అది పొడిగా ఉన్న రెయిలింగ్ మీద, సెలైన్ స్టాండ్ మీద, పంప్ బటన్ల మీద నెలల తరబడి బతికి ఉండగలదు. ముందున్న రోగికి మందులకు లొంగని మొండి బ్యాక్టీరియా ఉంటే, అదే గదిలో తర్వాత చేరిన రోగికి అది అంటుకునే అవకాశం సుమారు రెట్టింపు అవుతుందని, పలు అధ్యయనాలను కలిపి చూసిన 2015 నాటి విశ్లేషణ తేల్చింది. మనం "రెడీ" అని చెప్పే ఆ ఒక్క మాట మీద కొత్త పేషెంట్ ఆరోగ్యం ఆధారపడి ఉంటుంది.

అందుకే గదిని శుద్ధి చేసే యంత్రాల కోసం ఆసుపత్రులు వెతుకుతున్నాయి. యూవీ (అతినీలలోహిత కాంతి) టవర్, జెనాన్ రోబో, పెరాక్సైడ్ ఆవిరి, ఫాగర్ అంటూ రోజుకొక సేల్స్ ప్రతినిధి వస్తాడు. ప్రతివాళ్లూ "99.99 శాతం" అనే అంటారు. ఈ నాలుగు తొమ్మిదులను బట్టి ఎవరూ ఏదీ ఎంచుకోలేరు. నా అనుభవంలో ఎంపికను తేల్చేది ఒకే ప్రశ్న: మీ దగ్గర మంచం, లేదా గది, మనుషులు లేకుండా ఎన్ని నిమిషాలు ఉంటుంది? మిగతా ప్రశ్నలన్నీ దాని తర్వాతే.

ముందు గుడ్డ, తర్వాతే యంత్రం

ఇది చెప్పకుండా పోలిక మొదలుపెట్టడం తప్పు. కంటికి కనిపించని మెరిసే జెల్‌ను బెడ్ రెయిలింగ్, కాలింగ్ బెల్, కుళాయి లాంటి చోట్ల చుక్కలుగా పెట్టి, శుభ్రం చేశాక యూవీ టార్చితో చూసే పరీక్ష ఒకటుంది. అమెరికాలో 23 ఆసుపత్రుల్లో ఇలా చూస్తే, తుడవాల్సిన చోట్లలో సగం కూడా తుడవలేదని తేలింది. 2008లో వచ్చిన ఈ లెక్క యంత్రాల వ్యాపారానికి పెద్ద ఊతమిచ్చింది. మనిషి వదిలేసిన చోటును యంత్రం పట్టుకుంటుందన్నది వాళ్ల వాదన. అది కొంతవరకే నిజం.

గాయం మీద హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే నురగ వస్తుంది కదా. రక్తంలో ఉండే ఎంజైమ్ దాన్ని అక్కడికక్కడే విరగ్గొట్టేస్తుంది. రెయిలింగ్ మీద రక్తపు మరక అలాగే వదిలేసి పెరాక్సైడ్ ఆవిరి పెడితే జరిగేది కూడా అదే. మందు మరక మీద ఖర్చయిపోతుంది, మరక కింద ఉన్న బ్యాక్టీరియా క్షేమంగా ఉంటుంది. యూవీ కాంతి సంగతీ అంతే, మురికి పొరను దాటి లోపలికి పోలేదు. యంత్రం ఏదైనా సరే, గది తుడిచి ముగించాకే దాన్ని లోపలికి తోయాలి. ఆ జెల్ పరీక్షకు అయ్యే ఖర్చు చాలా తక్కువ. యంత్రం కొనాలని కమిటీ వేసే ముందు ఒక నెల పాటు ఆ పరీక్ష చేసి చూడండి. మీ మార్కులు సగం దగ్గరే ఉంటే డబ్బు ముందు హౌస్‌కీపింగ్ మీద పెట్టాలి.

పోల్చేటప్పుడు చూడాల్సినవి

మొదటిది సమయం, పైన చెప్పాను. అయితే యంత్రం నడిచే నిమిషాలు ఒక్కటే లెక్క కాదు. తుడవడం, సామాను సర్దడం, ఏసీ గ్రిల్స్ మూయడం, తర్వాత గాలి ఆడనివ్వడం, ఇవన్నీ కలిపి లెక్కేయాలి.

రెండోది గది ఆకారం. ఈ యంత్రాలు పుట్టిన చోటికీ మన ఆసుపత్రులకూ ఉన్న తేడా ఇక్కడే తెలుస్తుంది. అక్కడ ఐసీయూ అంటే ఒక్కో రోగికి తలుపున్న ఒక్కో గది. మన దగ్గర చాలా చోట్ల ఐసీయూ అంటే పది పన్నెండు మంచాల హాలు, మధ్యలో కర్టెన్లు. యూవీ టవర్ అయినా, ఫాగర్ అయినా, ఆవిరి అయినా, నడుస్తున్నప్పుడు లోపల మనిషి ఉండకూడదు. ఏడో మంచం ఖాళీ అయిందని యూవీ పెట్టాలంటే, ఆరో మంచం, ఎనిమిదో మంచం మీద వెంటిలేటర్‌తో ఉన్నవాళ్లను ఎక్కడికి తీసుకెళ్తాం? కర్టెన్ అడ్డం పెడితే చాలని చెప్పే వాళ్లను నమ్మకండి. ఈ ఒక్క ప్రశ్న అడగకుండా లక్షలు పోసి కొన్న యంత్రాలు స్టోర్ రూముల్లో దుప్పటి కప్పుకుని ఉండడం చూశాను.

మూడోది మీ ఆసుపత్రిలో తిరుగుతున్న సూక్ష్మజీవి. అమెరికా అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించేది క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే బ్యాక్టీరియా. అది స్పోర్లు, అంటే గట్టి కవచమున్న నిద్రావస్థ రూపాలు, కట్టుకుంటుంది కాబట్టి చంపడం కష్టం. మన ఐసీయూల్లో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి క్లెబ్సియెల్లా, అసినెటోబాక్టర్. ఇవి స్పోర్లు కట్టవు, సరైన మోతాదు పడితే తేలిగ్గానే చస్తాయి. 2009లో జపాన్‌లో మొదట గుర్తించిన క్యాండిడా ఆరిస్ అనే ఫంగస్ సంగతి వేరు. మామూలు క్వాటర్నరీ అమోనియం ఫ్లోర్ క్లీనర్లకు అది లొంగదు. హైపోకు (బ్లీచ్ ద్రావణానికి), పెరాక్సైడ్‌కు లొంగుతుంది. యూవీతో చంపాలంటే బ్యాక్టీరియాకు పెట్టే సమయం కంటే ఎక్కువ పెట్టాలి. మీ మైక్రోబయాలజిస్టు దగ్గర కూర్చుని గత ఏడాది కల్చర్ రిపోర్టులు చూస్తే, మీకు కావాల్సిన బలం ఎంతో తెలిసిపోతుంది.

ఇక సిబ్బంది భద్రత, విడి భాగాలు, మందు దొరకడం లాంటివి ఒక్కో యంత్రం దగ్గర చెబుతాను.

ఫార్మాలిన్ ఫ్యూమిగేషన్: దీన్ని ఎంపికగా లెక్కపెట్టకండి

శనివారం సాయంత్రం ఓటీలో (ఆపరేషన్ థియేటర్లో) గిన్నె పెట్టి, పొటాషియం పర్మాంగనేట్ మీద ఫార్మాలిన్ పోసి, బయటికి పరుగెత్తి తలుపుకు టేపు వేయడం మన పాత అలవాటు. ఆదివారం అమ్మోనియాతో ఘాటు తగ్గించి, సోమవారం కేసులు మొదలుపెడతారు. మందు చవక, యంత్రం అక్కర్లేదు. అందుకే ఇంకా కొన్ని నర్సింగ్ హోముల్లో నడుస్తోంది.

ఫార్మాలిన్ నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే మొదటి వర్గంలో చేర్చింది. గిన్నె దగ్గర నిలబడేది సర్జన్ కాదు, ఓటీ బాయ్. సోమవారం పొద్దున్నే కళ్లు మండుతూ టేబుల్ తుడిచేది ఆయమ్మ. వాళ్లకు నెలకొచ్చే జీతంలో ఈ ప్రమాదానికి ఖరీదు కట్టలేదు. ఫార్మాల్డిహైడ్, ఫినాల్, క్వాటర్నరీ అమోనియం మందులను గదుల్లో పొగలా వదలడం వద్దని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కూడా చెప్పింది. మీ దగ్గర ఇది ఇంకా నడుస్తుంటే, కొత్త యంత్రం కొన్నా కొనకపోయినా దీన్ని ఈ వారమే ఆపేయండి.

పెరాక్సైడ్ ఫాగర్

ఇది 5 నుంచి 7 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను, చాలా రకాల్లో కొద్దిగా వెండి అయాన్లు కలిపి, సన్నటి తుంపరగా వదిలే పరికరం. ఫార్మాలిన్ మానేసిన ఓటీలు ఎక్కువగా దీనికే మారాయి. ధర మిగతావాటి కంటే చాలా తక్కువ, ఒక చేత్తో మోసుకెళ్లొచ్చు.

తుంపర అంటే చిన్న చుక్కలే కాబట్టి నెమ్మదిగా కిందికి దిగుతాయి. టేబుల్ పైభాగానికి అందినంత మందు దాని అడుగుకు అందదు. యంత్రానికి దగ్గరున్న మూల తడిసిపోతుంది, దూరపు మూల పొడిగా ఉంటుంది. పరీక్షల్లో స్పోర్లను సుమారు పది వేల రెట్లు తగ్గించింది, ఆవిరి యంత్రం అయితే పది లక్షల రెట్లు. మొత్తం మీద రెండు మూడు గంటలు గది మూసి ఉంచాలి. మానిటర్లు, అనెస్థీషియా వర్క్‌స్టేషన్ మీద తడి పడకుండా బయోమెడికల్ వాళ్లను అడిగి ముందే ఏర్పాటు చేసుకోవాలి.

ఫాగర్ కొన్నాక అందులో ఏ మందు పోస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. పెరాక్సైడ్ అయిపోయిందని ఫ్లోర్ క్లీనర్ పోసి తిప్పితే అది సువాసన చల్లడమే.

పెరాక్సైడ్ ఆవిరి

ఇది ఫాగర్‌కు అన్నలాంటిది కాదు, వేరే యంత్రం. 30 నుంచి 35 శాతం పెరాక్సైడ్‌ను వేడి చేసి వాయువులా మార్చి గదంతా నింపుతుంది. మంచం అడుగు, లాకర్ వెనక, స్విచ్ బోర్డు సందు, ఇలా గాలి పోయే ప్రతి చోటికీ ఇదీ పోతుంది. శుద్ధి బలంలో దీన్ని మించింది ఈ జాబితాలో లేదు.

బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి అధ్యయనం 2013లో వచ్చింది. ముందున్న రోగికి మొండి సూక్ష్మజీవి ఉన్న గదులను ఆవిరితో శుద్ధి చేస్తే, తర్వాత చేరినవాళ్లకు అలాంటివి అంటుకునే అవకాశం 64 శాతం తగ్గింది. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని ఎంటరోకాకస్ బ్యాక్టీరియా విషయంలో 80 శాతం.

ఇంత బలానికి తగిన శ్రమ ఉంటుంది. ఏసీ గాలి దారులు, తలుపు సందులు అన్నీ టేపుతో మూయాలి. బయట లీకు ఉందేమో మీటరుతో చూడాలి. లోపల మోతాదు 10 లక్షల్లో 1 భాగం కంటే కిందికి దిగేదాకా ఎవరూ లోపలికి వెళ్లకూడదు. అట్టపెట్టెలు, కాగితాలు, దూది, పరుపు గుడ్డలు పెరాక్సైడ్‌ను పీల్చుకుని తర్వాత నెమ్మదిగా వదులుతాయి, దాంతో గాలి తేటపడే సమయం ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ కలిపి రెండు నుంచి మూడు గంటలకు పైనే. శిక్షణ ఉన్న మనిషి పక్కన ఉండి తీరాలి. "బెడ్ రెడీనా" ఫోన్ రోజుకు పదిసార్లు వచ్చే చోట ఇది రోజువారీ పనికి కుదరదు.

యూవీ-సీ టవర్

254 నానోమీటర్ల కాంతిని ఇచ్చే పాదరసపు ట్యూబులను ఒక స్తంభానికి బిగించి, చక్రాల మీద గదిలోకి తోసి, బయటి నుంచి రిమోట్‌తో నడిపే పరికరం. మందు లేదు, వాసన లేదు, సందులకు టేపు అక్కర్లేదు, ఆరిపోగానే లోపలికి వెళ్లొచ్చు. కోవిడ్ సమయంలో మన దేశంలోనూ చాలా తయారయ్యాయి. ఢిల్లీలోని డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) ప్రయోగశాల ఆరు ట్యూబుల టవర్ చేసింది. హైదరాబాద్‌లో ఏఆర్‌సీఐ అనే ప్రభుత్వ పరిశోధన కేంద్రం, హైదరాబాద్ విశ్వవిద్యాలయం కలిసి, ఒక స్థానిక పరిశ్రమ సాయంతో యూవీ ట్రాలీ తయారు చేశాయి.

దీని బలహీనత నీడ. కాంతి నేరుగా పడిన చోటే పని. మంచం ఇవతల పెడితే అవతలి రెయిలింగ్ నీడలో ఉంటుంది. మామూలు గాజు కూడా ఈ కాంతిని ఆపేస్తుంది. దూరం పెరిగే కొద్దీ మోతాదు వేగంగా పడిపోతుంది, మీటరు దూరంలో పడేదానిలో దాదాపు నాలుగో వంతే రెండు మీటర్ల దూరంలో పడుతుంది. అందుకే టవర్‌ను మంచానికి ఒకవైపు ఒకసారి, రెండోవైపు ఒకసారి, బాత్రూమ్‌లో ఒకసారి పెట్టి నడపాలి. నేను పనిచేసిన ఒకచోట నెలల తరబడి బాత్రూమ్ తలుపు మూసే నడిపారు. లాగ్‌బుక్‌లో మాత్రం రోజూ టిక్కు ఉంది. కమోడ్, ఫ్లష్ బటన్, కుళాయి, అంటే గదిలో అన్నిటికంటే ప్రమాదమైన చోటు ఒక్కరోజు కూడా కాంతి చూడలేదు. అది తెలిసిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

సమయం విషయానికొస్తే, 2010లో వచ్చిన ఒక పరీక్షలో మామూలు బ్యాక్టీరియాకు సుమారు 15 నిమిషాలు, స్పోర్లకు 50 నిమిషాలు పట్టింది. మన ఐసీయూ బ్యాక్టీరియాకు ఈ మొదటి అంకె సరిపోతుంది కాబట్టి మనకిది అనుకూలమే.

రుజువు మాటేమిటి? డ్యూక్ విశ్వవిద్యాలయ వైద్యుల ఆధ్వర్యంలో అమెరికా ఆగ్నేయ ప్రాంతంలోని 9 ఆసుపత్రుల్లో చేసిన ప్రయోగం 2017లో అచ్చయింది. క్వాటర్నరీ అమోనియంతో తుడిచిన గదులకు యూవీ జోడిస్తే, తర్వాతి రోగులకు మొండి సూక్ష్మజీవులు అంటడం సుమారు 30 శాతం తగ్గింది. అదే బ్లీచ్‌తో తుడిచిన గదులకు యూవీ జోడిస్తే అదనపు లాభం స్పష్టంగా కనిపించలేదు. క్యాన్సర్, అవయవ మార్పిడి వార్డుల్లో చేసి 2022లో ప్రచురించిన మరో అధ్యయనంలోనూ యూవీతో తేడా రాలేదు. నేను దీన్నుంచి తీసుకున్నది ఇది: మీ వాళ్లు రోజూ తాజాగా కలిపిన హైపోతో, చెప్పినంత సేపు తడిగా ఉంచి తుడుస్తుంటే, యూవీ మీకిచ్చేది కొంచెమే. మీ దగ్గర ఆ పని ఒడిదుడుకులుగా ఉంటే ఎక్కువే ఇస్తుంది. కానీ ఒడిదుడుకులున్న చోట యంత్రాన్ని కూడా అలాగే నడుపుతారు.

కళ్ల సంగతి మర్చిపోవద్దు. వెల్డింగ్ చూసినవాళ్లకు రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు ఉంటుంది కదా, యూవీ-సీ కాంతిలోకి వెళ్తే సరిగ్గా అదే జరుగుతుంది. మనిషి కదలిక పసిగట్టి ఆరిపోయే సెన్సర్ లేని టవర్‌ను ఎంత తక్కువకిచ్చినా కొనకండి.

జెనాన్ పల్స్ యంత్రం, 222 నానోమీటర్ దీపాలు

జెనాన్ యంత్రం మెరుపుల్లా కాంతిని కొడుతుంది. పాదరసం లేదు, వేడెక్కే దాకా ఆగక్కర్లేదు, ఒక్కో చోట ఐదు నిమిషాల చొప్పున రెండు మూడు చోట్ల పెడితే సరిపోతుందని తయారీదారులు చెబుతారు. నీడ సమస్య దీనికీ ఉంది. ధర ఎక్కువ, బల్బు మార్చడం ఖరీదు. గదులు నిమిషాల్లో చేతులు మారే పెద్ద ఆసుపత్రికి తప్ప దీని ధర గిట్టుబాటు కాదని నా అభిప్రాయం. 222 నానోమీటర్ల యూవీ దీపాలు మనుషులుండగానే నడిపేవి, ప్రధానంగా గాలి కోసం. ఖాళీ గది శుద్ధికి వాటిని ప్రత్యామ్నాయంగా చూడొద్దు.

| | పెరాక్సైడ్ ఫాగర్ | పెరాక్సైడ్ ఆవిరి | యూవీ-సీ టవర్ | జెనాన్ పల్స్ |
|---|---|---|---|---|
| గది ఖాళీగా ఉండాల్సిన సమయం | 2–3 గంటలు | 2–3 గంటలకు పైనే | సుమారు 20–60 నిమిషాలు | సుమారు 15–20 నిమిషాలు |
| నీడ ఉన్న చోట్లు | కొంతవరకు | బాగా అందుతుంది | అందదు | అందదు |
| స్పోర్లు, క్యాండిడా ఆరిస్ | మధ్యస్థం | చాలా బాగా | ఎక్కువ సేపు నడిపితే | పరిమితం |
| ఏసీ, తలుపు సీలింగ్ | కావాలి | తప్పనిసరి | తలుపు మూస్తే చాలు | తలుపు మూస్తే చాలు |
| కొనే ధర | తక్కువ | చాలా ఎక్కువ | మధ్యస్థం | చాలా ఎక్కువ |
| తర్వాత అయ్యే ఖర్చు | మందు | మందు, శిక్షణ, సర్వీసు | ట్యూబులు | బల్బులు, సర్వీసు |

మీరు ఎవరన్నదాన్ని బట్టి

ఇరవై, ముప్పై మంచాల నర్సింగ్ హోమ్, ఒక ఓటీ. రాత్రి పది తర్వాత మీ ఓటీ ఖాళీ. సమయం మీకు ఉచితంగా దొరుకుతుంది కాబట్టి ఫాగర్ చాలు. చీము పట్టిన కేసు చేశాక, రిపేర్లు జరిగాక వాడండి. ప్రతి కేసు మధ్యలో ఫాగింగ్ అవసరం లేదు, తుడవడమే అవసరం. మిగిలిన డబ్బుతో ఏసీ ఫిల్టర్లు మార్పించండి, ఓటీలో గాలి బాగుండడం ఫాగింగ్ కంటే ఎక్కువ కాపాడుతుంది.

నూటయాభై మంచాలు, హాలు ఐసీయూ, రెండు మూడు ఐసోలేషన్ గదులు. మన జిల్లా కేంద్రాల్లో ప్రైవేటు ఆసుపత్రులు ఎక్కువగా ఇలాగే ఉంటాయి, ఎక్కువ అయోమయంలో ఉండేది కూడా వీళ్లే. నా సలహా యూవీ టవర్, కానీ హాలు కోసం కాదు. మొండి బ్యాక్టీరియా వచ్చిన పేషెంట్‌ను ఐసోలేషన్ గదిలోకి మార్చండి. ఆ గది ఖాళీ అయినప్పుడల్లా టవర్ నడపండి. రాత్రి ఓటీలో, చివరి షిఫ్ట్ అయ్యాక డయాలసిస్‌లో నడపండి. ఇంకొక పని కూడా చేయొచ్చు: ఒక చిన్న ఖాళీ గదిని కేటాయించి, తుడిచిన ఇన్ఫ్యూజన్ పంపులు, సెలైన్ స్టాండ్లు, వీల్‌చైర్లు అందులో ఎడంగా నిలబెట్టి యూవీ ఇవ్వండి. హాల్లోకి యంత్రం వెళ్లలేకపోయినా హాల్లో తిరిగే సామాను బయటికి రాగలదు. హాల్లోని మంచానికి మాత్రం హైపో, గుడ్డ, ఓపిక ఉన్న మనిషి, వీటికి మించిన యంత్రం ఇంకా రాలేదు.

ఒక్కో రోగికి ఒక్కో గది ఉన్న పెద్ద ఆసుపత్రి, బోన్ మ్యారో, అవయవ మార్పిడి వార్డులు. రోజువారీ డిశ్చార్జులకు యూవీ, క్యాండిడా ఆరిస్ లాంటిది పాకినప్పుడు వార్డు మూసి పెరాక్సైడ్ ఆవిరి. ఆవిరి యంత్రాన్ని సొంతంగా కొనే ముందు సర్వీసుగా, అద్దెకు దొరుకుతుందేమో అడగండి. ఏడాదికి నాలుగుసార్లు వాడేదానికి సొంత యంత్రం, సొంత ఆపరేటర్ భారం.

ప్రభుత్వ ఆసుపత్రి. మంచానికి ఇద్దరు, కింద చాప మీద ఇంకొకరు ఉండే వార్డులో ఖాళీ నిమిషాలు అసలు లేవు. అక్కడ యంత్రం కోసం బడ్జెట్ అడగడం కంటే, రాత్రి షిఫ్టుకు ఇంకో ఇద్దరు పారిశుధ్య కార్మికులను, నీళ్లొచ్చే కుళాయిలను అడగండి. ప్రభుత్వ ఆసుపత్రుల పరిశుభ్రత కోసం 2015లో మొదలైన కాయకల్ప పథకం తనిఖీల్లో మార్కులు పెంచేవీ ఎక్కువగా ఇవే. ఓటీ, లేబర్ రూమ్‌లు మాత్రం షిఫ్టుల మధ్య ఖాళీ అవుతాయి. వాటికోసం ఒక యూవీ ట్రాలీ అడిగితే న్యాయమైన కోరికే.

డెమో రోజున

కంపెనీ వాళ్ల షోరూమ్‌లో కాదు, మీ గదిలో, మీ మంచం, మీ లాకర్ పెట్టుకుని నడిపించండి. స్పోర్ స్ట్రిప్పులు (యంత్రం చంపిందో లేదో తేల్చడానికి స్పోర్లు అంటించిన పట్టీలు) మీరే కొని, వాళ్లు చూడకుండా మీరే పెట్టండి: మంచం అడుగున ఒకటి, అవతలి రెయిలింగ్ లోపలివైపు ఒకటి, బాత్రూమ్ కుళాయి వెనక ఒకటి, తలుపు పిడి కింద ఒకటి. యూవీ అయితే స్పోర్లకని చెప్పిన సెట్టింగ్‌లోనే నడపమనండి. వాటిని మీ మైక్రోబయాలజీ ల్యాబ్‌కే పంపండి. ట్యూబులు ఎన్ని గంటలకు మార్చాలి, అవి హైదరాబాద్‌లోనో విజయవాడలోనో స్టాకు ఉంటాయా లేక విదేశం నుంచి రావాలా, వార్షిక మెయింటెనెన్స్ ఎంత, ఇవన్నీ కొటేషన్‌లో రాయించుకోండి. డెమో అప్పుడు ఇంజనీర్‌ను పక్కన నిలబెట్టి, మీ రాత్రి షిఫ్ట్ హౌస్‌కీపింగ్ అమ్మాయి చేతికి రిమోట్ ఇవ్వండి. ఆమె ఒక్కతే యంత్రాన్ని గుమ్మం దాటించి, సరైన చోట్ల పెట్టి, లాగ్‌బుక్ రాయగలిగిందా చూడండి. రాత్రి రెండు గంటలకు ఆ ఫోన్ మోగినప్పుడు దాన్ని నడిపేది ఆమే.